పది నిమిషాలు ముందు దిగిన విమానాలు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట వినయంతో ఒప్పుకోవడం లేదు. ఇంట్లోనూ వీధిలోనూ నా వెనక అందరూ అనుకునేదాన్ని నేనే ముందు అనేస్తే వాళ్లకు ఆ సంతోషం దక్కదని అంటున్నాను. నిజానికి జిరాక్స్ దుకాణం పెట్టుకున్నవాడికి కోపం పనికిరాదు. ఆధార్ కార్డు ముందువైపు జిరాక్స్ ఒక్కటి పట్టుకొచ్చి, "దీని ఎన్కవైపు గూడ తియ్యన్నా" అనేవాళ్లు రోజూ వస్తారు. అలాంటివాళ్లతో వేగుతూ శంషాబాద్ బస్టాండు దగ్గర ఇన్నేళ్లుగా అదే దుకాణం నడుపుతున్నాను.

కానీ రెండేళ్ల కింద నేను చేసిన పనిని ఎక్కడో ఎవడో సొంతం చేసుకుని అమ్ముకుంటున్నాడని తెలిసిన రోజు వచ్చిన కోపం వేరు. ఆ రోజు మధ్యాహ్నం దుకాణం షట్టర్ సగం దించి కూర్చున్నాను. ఎవరైనా వచ్చి పాస్‌పోర్టు ఫొటో అడిగితే కొట్టేలా ఉన్నాను. ఆ కోపం ఎవరి మీద మొదలై చివరికి ఎవరి మీదకు వచ్చి ఆగిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట ఒకటుంది. దాన్ని ఆట అంటే నాకు మండుతుంది, కానీ వేరే మాట వాడితే మీకు అర్థం కాదు. మా ఇల్లు ఎయిర్‌పోర్టు కంచెకు కూతవేటు దూరం. పొద్దున లేచిన దగ్గర్నుంచి నెత్తి మీద విమానాలే. ఇప్పటిదాకా ఒక్కదాంట్లోనూ ఎక్కలేదు. అందుకే ఆ ఆట కొనుక్కుని, ముందుగా మన శంషాబాద్ తెరిచి చూశాను. రన్‌వే ఉంది, టవర్ ఉంది, లైట్లు ఉన్నాయి. విమానాలు లేవు. బంద్ రోజు ఆరాంఘర్ చౌరస్తాలాగా ఉంది. ఓ మూలన మాత్రం ఏ దేశానివో తెలియని రంగులు పూసుకున్న ఐదారు విమానాలు నిలబెట్టారు. లండన్ తెరిస్తే అచ్చం లండన్‌లాగే కిటకిటలాడుతోంది. మన ఊరంటే వీళ్లకు ఇంత లోకువా అని అప్పుడే మొదటిసారి ఒళ్లు మండింది.

ఆ కొరత తీర్చే మార్గం ఉందని తర్వాత తెలిసింది. మనం నడపకపోయినా కంప్యూటరే నడిపేలా విమానాలకు టైంటేబుల్ రాసి ఇవ్వచ్చు. ఒక్కో విమానానికి ఒక వరుస. ఏ ఊళ్లో ఏ రోజు ఎన్నింటికి లేవాలి, ఎక్కడ ఎన్నింటికి దిగాలి, ఎంత ఎత్తున పోవాలి, అక్కణ్నుంచి మళ్లీ ఎక్కడికి. వారం తిరిగేసరికి ప్రతి విమానం బయలుదేరిన ఊరికే చేరాలి. చేరకపోతే అది ఎక్కడుందో కంప్యూటర్‌కే తెలియక మాయమైపోతుంది. పైగా అక్కడ గడియారం గ్రీనిచ్ టైము మీద నడుస్తుంది కాబట్టి మన టైములోంచి ఐదున్నర గంటలు తీసెయ్యాలి. సోమవారం తెల్లవారుజామున మన దగ్గర దిగేది ఆ లెక్కలో ఆదివారం రాత్రే దిగుతుంది. ఆ రోజుల్లో నాకు తీసెయ్యడం ఎంత అలవాటైందంటే, దుకాణం ఎన్నింటికి తెరుస్తావని ఎవరైనా అడిగినా మనసులో ఐదున్నర తగ్గించేవాణ్ని.

మనుషుల్ని మోసే విమానాలతో ఇబ్బంది లేదు. వాటి టైములు అందరికీ చెబుతారు. సరుకులు మోసే విమానాల దగ్గర ఆగిపోయాను. అవి ఎప్పుడొస్తాయో ఎక్కడా సరిగ్గా ఉండదు. ఫోన్‌లో విమానాల ఆచూకీ చెప్పే యాప్ ఉంది కదా అంటారు. ఉంది. ఊరికే వాడుకునేవాడికి ఇవాళ్టి సంగతి చెబుతుంది, పోయిన నెల సంగతి చెప్పదు. నాకు కావాల్సింది నెలల తరబడి ఏ వారం ఏది వస్తుందో, ఏది రాదో. అది ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. నేనేమో పొద్దంతా దుకాణంలో ఉంటాను.

అక్క ఇంట్లో ఉంటుంది.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. పెళ్లి చేసుకోలేదు, ఎందుకన్నది ఆమె సంగతి. నా కోపానికి నాకూ పిల్ల దొరకలేదు కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. డాబా మీద రేకుల గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బస్తీలో ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. మిషన్ దక్షిణం కిటికీ పక్కన. కిటికీలోంచి చూస్తే దిగే విమానాలు కనిపిస్తాయి, పొట్ట కింద చక్రాలతో సహా. గోడకు మా బాపు గడియారం.

ఆ గడియారం గురించి చెప్పాలి. బాపు బస్సు డ్రైవర్. జీవితంలో ఒక్కసారి డ్యూటీకి ఆలస్యమై మాట పడ్డాడట. ఆ రోజు ఇంటికొచ్చి గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పాడు. మళ్లీ ఎవరూ దాన్ని వెనక్కి తిప్పలేదు. ఆయన పోయాక కూడా, బ్యాటరీ మార్చినప్పుడల్లా అక్క పది నిమిషాలు ముందే పెడుతుంది. మా ఇంట్లో పెరిగినవాళ్లకు ఆ గడియారం చూడగానే పది తీసేసి చదవడం వచ్చేస్తుంది. చుట్టాలొస్తే మాత్రం చెప్పాలి.

"అక్కా, సరుకు విమానాలు వచ్చినప్పుడు జర టైం రాసి పెట్టరాదు" అని ఒకరోజు అడిగాను.

"నాకు విమానాలెక్కడ తెలుసు తమ్మీ? అన్నీ ఒక్కతీర్గనే ఉంటయ్."

"సరుకు వాటికి కిటికీలు ఉండయ్. గదొక్కటి చూడు."

మొదట రెండు రోజులు నన్ను ఆటపట్టించింది. డ్యూటీ వేస్తే టోపీ కూడా ఇప్పించమంది. తర్వాత నాలుగు నెలలు ఒక్కరోజు తప్పకుండా రాసింది. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకాల్లోనే రాసింది. ఎడమ పేజీలో చాతీ, నడుము, చేతులు. కుడి పేజీలో విమానాలు. కంపెనీల పేర్లు ఆమెకు తెలియవు. తోక రంగు రాసేది. ఆ రంగులన్నీ జాకెట్ గుడ్డల రంగులే. నెమలికంఠం తోక. కనకాంబరం తోక. వక్కపొడి రంగు తోక, నాలుగు ఇంజిన్లు, పొట్ట లావు. వాటిని చూసి ఏ తోక ఏ కంపెనీదో నేను పోల్చుకునేవాణ్ని. నెల తిరిగేసరికి నేను అడగకముందే చెప్పేది, "మంగళవారం మధ్యాహ్నం వచ్చే వక్కపొడిది ఈ వారం రాలే, చూసుకో." దండెం మీద బట్టలు పడమర వైపు ఊగుతుంటే ఇవాళ విమానాలు మన దిక్కు నుంచే దిగుతాయని, తూర్పుకు ఊగుతుంటే మన దిక్కుకు లేస్తాయని ఆమే కనిపెట్టింది. ఈ సంగతి నేను ఓ పెద్ద పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఆమె దండెం చూసి తెలుసుకుంది.

అవసరమైనప్పుడల్లా ఆ పుస్తకాలు దుకాణానికి పట్టుకుపోయి, ఖాళీ దొరికినప్పుడు వరుసలు కొట్టేవాణ్ని. గడియారం ముందుంటుంది కాబట్టి పది నిమిషాలు తీసేసి, గ్రీనిచ్ కోసం ఐదున్నర గంటలు తీసేసి. ఒకరోజు మధ్యాహ్నం తెర మీద మన శంషాబాద్‌లో కిటికీల్లేని నాలుగు ఇంజిన్ల విమానం దానంతటదే వచ్చి దిగింది. నేను దుకాణంలో లేచి నిలబడ్డాను. రేషన్ కార్డు జిరాక్స్ కోసం వచ్చిన ఒక పెద్దాయన భయపడి, "ఏమైంది బిడ్డా, కరెంట్ షాక్ కొట్టిందా" అన్నాడు.

ఇలాంటివన్నీ ఉచితంగా పెట్టే ఒక వెబ్‌సైట్‌లో నా ఫైలు పెట్టాను. దాంతోపాటు వివరాల కాగితం లాంటి చిన్న ఫైలు ఇంకోటి పెట్టడం అక్కడి ఆచారం. చేసింది ఎవరు, ఎవరికి కృతజ్ఞతలు, అనుమతి లేకుండా అమ్మకూడదు. నా పేరు పెట్టుకున్నాను. కృతజ్ఞతల్లో ఎనిమిది మంది. విమానాలకు రంగులు వేసిన ఇద్దరు, ఎయిర్‌పోర్టు బొమ్మ గీసినవాడు, టైంటేబుళ్లను ఆటలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం రాసినవాడు, నా స్పెల్లింగ్ తప్పు ఒకటి పట్టుకున్న ఒక విదేశీయుడు, ఇంకా ముగ్గురు. వాళ్లలో ఒక్కరి మొహం కూడా నేను చూడలేదు. ఎవరి పేరూ మర్చిపోకూడదని రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా.

చాలామంది తమ కంప్యూటర్లలోకి దించుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో మెచ్చుకుంటూ రాశారు. సాయంత్రం డాబా మీదికి పోయి అవన్నీ అక్కకు చదివి వినిపించేవాణ్ని. "చూడక్కా, పోలండ్‌ల ఒకాయన నీ తమ్మున్ని ఎంత మెచ్చుకుంటుండో." ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ, "మంచిగైంది తియ్" అనేది.

ఇక అసలు సంగతి. రెండేళ్ల తర్వాత ఎవరో నాకు ఒక లింకు పంపి, "ఇది నీదే కదా?" అన్నారు. ఒకడు ఇండియా మొత్తానికి విమానాల టైంటేబుళ్లు కట్టగట్టి అమ్ముతున్నాడు. కొని తెరిచాను. హైదరాబాద్ పేజీ మొత్తం నాదే. నేను ఏ వరుస తర్వాత ఏ వరుస పెట్టానో అదే క్రమం. నేను విసుగొచ్చి ఒకచోట వదిలేసిన ఖాళీ గీత కూడా అలాగే ఉంది. పైన వాడి పేరు, కింద వాడి పేరు. నా పేరు ఎక్కడా లేదు.

వాడికి రాశాను. మర్యాదగానే మొదలుపెట్టాను, మూడో లైనుకే మర్యాద అయిపోయింది. వాడు చల్లగా జవాబిచ్చాడు. విమానాల టైములు ఎవరి సొత్తూ కాదట. అవి ఆకాశంలో ఉన్న విషయాలట, ఎవరైనా రాసుకోవచ్చట. అది చదివి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆకాశంలో ఉంటే పోయి ఆకాశంలోంచి రాసుకోరా, నా ఫైలెందుకు? వాడికీ, వెబ్‌సైట్ నడిపేవాళ్లకూ పెద్ద ఉత్తరం రాశాను. అందులో ఈ వాక్యం ఉంది: "నాలుగు నెలలు నా ఇంటి డాబా మీద కూర్చుని, నా సొంత కళ్లతో ఒక్కొక్క విమానాన్నీ చూసి రాసుకున్నాను."  నిజమే రాస్తున్నాననుకున్నాను.

ఆ వారంలోనే అక్క ఒక సంగతి చెప్పింది. అందరూ రెడీమేడ్ కొనుక్కుంటున్నారు, జాకెట్లు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఆమె కళ్లకూ సన్న కుట్టు కష్టమవుతోంది. అత్తాపూర్‌లో ఒక ఆఫీసుంది, పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద సిమ్యులేటర్ల కోసం ఇలాంటి టైంటేబుళ్లే తయారుచేస్తారు. విమానాల రాకపోకలు చూసి, సరిచూసి, వరుసలు రాసే మనిషి కావాలని ప్రకటన ఇచ్చారు. చదువు ఎంతైనా పర్వాలేదు, చేసిన పని చూపిస్తే చాలన్నారు. ఆ ప్రకటన కాగితం ఆమె దగ్గర పదిరోజులుగా ఉందట, చెప్పడానికి మొహమాటపడింది.

"తమ్మీ, గా పుస్తకాలు జర తెచ్చియ్యవా. రేపు పోయి చూపెడ్త."

"పుస్తకాలెందుకక్కా? గవి నాకు సాక్ష్యానికి కావాలె, దుకాణంల దాచిపెట్టిన. ఫైలు ఇంటర్నెట్‌ల ఉంది గదా, గదే తెరిచి చూస్కొమ్మను."

ఒక చీటీ మీద వెబ్‌సైట్ అడ్రసు రాసిచ్చాను. ఆమె దాన్ని పర్సులో పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, మర్నాడు పొద్దున బస్సెక్కి పోయింది. మధ్యాహ్నం దాటాక వచ్చింది.

"ఏమైంది?"

"కాలే."

"ఎందుకు కాలే?"

"కాలే అంటున్న గదా తమ్మీ. ఇడ్సిపెట్టు."

నేను విడిచిపెట్టానా? ఆ ఆఫీసును తిట్టాను. వాళ్ల మొహాలకు పని తెలుసా అన్నాను. జీవితంలో ఒక్క విమానం తోక చూడని ఏసీ గదుల దద్దమ్మలు అన్నాను. అక్కడి నుంచి మళ్లీ నా దొంగ మీదికి పోయి వాణ్ని తిట్టాను. ఆమె వింటూ జాకెట్‌కు హుక్కులు కుట్టుకుంది. ఏం అడిగారని, ఏం చెప్పావని నేను అడగలేదు. నా కోపం సరిపోయింది నాకు.

తర్వాత ఆ దొంగ మళ్లీ రాశాడు. "ఇందులో నీ ఒక్కడి దగ్గరే ఉన్నదీ, ఇంకెక్కడా దొరకనిదీ ఒక్కటి చూపించు" అన్నాడు. చూపిస్తానురా అనుకున్నాను. సరుకు విమానాలు పట్టుకున్నాను. రెండేళ్ల కింద వచ్చినవే ఇప్పటికీ అవే రోజుల్లో వస్తున్నాయి. వారం రోజులు దుకాణంలో ఫోన్ ముందు పెట్టుకుని, యాప్‌లో ఒక్కొక్కటీ ఎన్నింటికి దిగుతోందో రాసుకున్నాను. ఇది రెండేళ్ల కిందే చేసి ఉండాల్సింది, చెయ్యలేదు. నాకు సరిచూసుకునే అవసరం ఏముంది, అనుకున్నాను. మొదటి రోజు విమానం నా ఫైల్లో కంటే పది నిమిషాలు ఆలస్యంగా దిగింది. గాలి అనుకున్నాను. రెండో రోజు ఇంకోటి, పది నిమిషాలు. మూడో రోజూ అంతే. నా ఫైల్లో సరుకు విమానాలన్నీ పది నిమిషాలు ముందే దిగుతున్నాయి. వాడు అమ్మేదాంట్లో కూడా సరిగ్గా అంతే. నా తప్పును కూడా దొంగిలించాడు వాడు.

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? సంతోషపడాల్సినవాణ్ని. కానీ నా పేరు మీద తప్పుడు పని రెండేళ్లు ప్రపంచమంతా తిరిగిందన్న సిగ్గు ముందుకొచ్చింది. సిగ్గు నాలో ఎక్కువసేపు సిగ్గులా ఉండదు. దుకాణం మూసేసి, పుస్తకాలు చంకన పెట్టుకుని పట్టపగలే ఇంటికొచ్చి మెట్లెక్కాను.

"ఏం రాసినవక్కా నువ్వు? నాలుగు నెలలు కూసుని చూసింది గిదేనా? అన్ని తప్పులే."

ఆమె మిషన్ ఆపింది. ఆశ్చర్యపోలేదు. అది నేను అప్పుడే గమనించాను.

"పది నిమిషాలా?" అంది.

నేను పుస్తకాలు మిషన్ పక్కన పెట్టాను.

"పుస్తకం తెరువు తమ్మీ. మంగళవారం, వక్కపొడి తోకది. ఎన్నింటికని ఉంది?"

"రెండు పది."

"నీ ఫోన్‌ల?"

చూశాను. "రెండు పది."

"మరి నీ ఫైల్ల?"

"రెండు."

"గడియారం చూసి పది తీసే రాసిన. నేను గీ ఇంట్ల పుట్టినదాన్నే గదా. తీసినదాంట్లకెళ్లి నువ్వు మళ్ల పది తీసినవ్."

గోడ మీద గడియారం చూశాను. మనసులో పది తీసేసుకుని చదివాను. నాకు తెలియకుండానే. ఆమె కూడా అంతే కదా, నాలుగు నెలలూ. అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ఆమె రాసింది గడియారం అనుకున్నాను, మనిషి అనుకోలేదు.

అప్పటికీ నా పొగరు దిగలేదు. "మరి నువ్వన్న చెప్పాలె గదా నాకు" అన్నాను.

"నువ్వడిగితే గదా చెప్పేది. నాకెప్పుడన్న చూపెట్టినవా గా ఫైలు? మెచ్చుకున్నోళ్ల ఉత్తరాలు చదివినవ్, గంతే. నాకు గూడ మొన్ననే ఎర్కైంది, అత్తాపూర్‌ల."

అప్పుడు చెప్పింది. ఆ ఆఫీసులో ఆమెను కూర్చోబెట్టి, చీటీ తీసుకుని నా ఫైలు తెరిచారట. వాళ్ల దగ్గర అప్పటి అసలు టైములు ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూసి, "సరుకు విమానాలన్నీ పది నిమిషాలు తేడా ఉన్నాయేమిటమ్మా, ఏ గడియారం చూసి రాశారు?" అని అడిగారట. ఆ ఒక్క ప్రశ్నతో ఆమెకు జరిగిందంతా అర్థమైపోయింది.

"ఏం చెప్పినవ్?"

"తప్పు నాదే అని చెప్పిన."

నా కోపం మళ్లీ లేచింది, ఈసారి ఆమె మీదే. "గట్లెందుకు చెప్పినవ్? మా తమ్ముడు చేసిండు అని చెప్పొద్దా? నౌకరి వస్తుండె గదా."

ఆమె జాకెట్ గుడ్డ ఒళ్లో మడతపెట్టుకుంది. "నీ పేరే ఉంది గదా దాంట్ల. ఇంకా ఎనిమిది మంది పేర్లు ఉన్నయట, చదివి వినిపించిండ్రు. నా పేరు లేదు. చేతిల పుస్తకం లేదు. తప్పు మా తమ్మునిది, పని మాత్రం నాది అంటే ఎవలు నమ్ముతరు? దొంగ అనుకుంటరు. తప్పు నాదే అంటే ఉత్త తెలివి లేనిదనుకుంటరు. దొంగ అనిపించుకునేకంటె గదే నయమనుకున్న."

మిషన్ మళ్లీ మొదలుపెట్టింది. నేను అక్కడే నిలబడ్డాను. ఎవరినైనా తిడదామంటే గదిలో మేమిద్దరమే ఉన్నాం.

మర్నాడు దుకాణం తెరవలేదు. పుస్తకాలు సంచిలో వేసుకుని అత్తాపూర్ పోయాను. ఫ్లైఓవర్ స్తంభం నంబర్ చెబితే తప్ప అక్కడ ఎవరి అడ్రసూ దొరకదు. ఒకటికి రెండుసార్లు దాటిపోయి వెనక్కి నడిచాను. ఆఫీసులో ఉన్నాయన కోస్తా మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. పుస్తకాలు బల్ల మీద పెట్టి, గడియారం సంగతి, రెండుసార్లు తీసిన పది నిమిషాల సంగతి అంతా చెప్పాను. ఆయన ఒక్కో పేజీ తిప్పాడు. ఎడమ పక్క కొలతలు చూసి కొంచెం నవ్వాడు. కుడి పక్క చూసి నవ్వు ఆపాడు.

"ఇవి చాలా బాగున్నాయండి. రోజూ చూసిన మనిషే రాయగలదు ఇలా. ఇవి ఆ రోజే తెచ్చుంటే మరో మాటే లేకపోయేదండి."

"ఇప్పుడు తెచ్చిన గదా సార్."

"ఆ ఉద్యోగానికి మొన్న సోమవారం ఇంకొకరు చేరిపోయారండి. మీ అక్కగారు తప్పు తనదేనని ఒప్పేసుకున్నారు. అయినా నేను ఫైలుతో ఉన్న కాగితం మొత్తం చదివానండి, ఎక్కడన్నా ఆవిడ పేరు కనబడుతుందేమోనని. స్పెల్లింగ్ దిద్దినాయన పేరు కూడా ఉంది. ఆవిడ పేరు లేదు. మేమేం అనుకోవాలండి?"

ఆయనతో కటువుగా మాట్లాడదామని ఇంటి దగ్గర అనుకుని బయలుదేరాను. ఏసీ గది దద్దమ్మ అన్నది ఈయన్నే కదా. కానీ ఆ కాగితంలో ఆమె పేరు కోసం వెతికిన మొదటి మనిషి ఈయనే. మంచినీళ్లు ఇచ్చాడు, తాగాను. ఇంకోసారి అవసరం పడితే కబురు చేస్తామని ఫోన్ నంబర్ రాసుకున్నాడు. అక్క నంబరే ఇచ్చాను.

బస్సులో ఆరాంఘర్ దాకా నిలబడే వచ్చాను. పక్కవాడి మోచేయి తగిలితే రోజూ గొడవపడేవాణ్ని. ఆ రోజు ఎవరు తొక్కినా పలకలేదు. నేను ఆ దొంగకు రాసిన ఉత్తరమే గుర్తొస్తోంది. నా సొంత కళ్లతో. వాడు నా పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నాడు. నేను తీసెయ్యడానికి కూడా ఆమె పేరు ముందు అక్కడ ఉంటే కదా.

ఇంటికొచ్చి వాడికి మళ్లీ రాశాను, ఈసారి తిట్లు లేకుండా. పది నిమిషాల తప్పు ఎలా వచ్చిందో రాశాను. మా ఇంటి గడియారం, మా బాపు, చూసి రాసింది మా అక్క అనీ, రెండోసారి తీసింది నేననీ. ఆ తప్పు మా ఇంట్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టదు, అది నీ దాంట్లో ఎలా ఉంది అని అడిగాను. నేను డాబా మీద కూర్చున్నానని రాసింది అబద్ధమని కూడా రాశాను. అది రాయకుండా మిగతాది రాయడానికి లేదు. వాడు జవాబివ్వలేదు. పది రోజుల తర్వాత వాడి పేజీలో కొత్తగా ఒక లైను వచ్చింది: సరుకు విమానాల సమయాలను మరింత కచ్చితంగా సరిచేశాం. తెరిచి చూశాను. అన్నిటికీ పది నిమిషాలు కలిపాడు. ఇంకా అమ్ముతున్నాడు. వెబ్‌సైట్ వాళ్లు పరిశీలిస్తున్నామంటున్నారు, ఇప్పటికీ అదే అంటున్నారు. వాడి మీద నాకు కోపం ఇవాళ్టికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. కానీ వాణ్ని తిట్టడం మొదలుపెట్టిన ప్రతిసారీ మధ్యలో ఆగిపోతున్నాను.

నా పాత ఫైలు తీసేశాను. పది నిమిషాలు కలిపి కొత్తది పెట్టాను. కాగితం కూడా మళ్లీ రాశాను. చూసి రాసింది మా అక్క అని మొదటి లైను, ఆమె పూర్తి పేరుతో. కంప్యూటర్‌లో వరుసలు కొట్టింది ఆమె తమ్ముడు అని రెండో లైను. పాత ఫైల్లో సరుకు విమానాల టైములన్నీ తప్పు, ఆ తప్పు తమ్ముడిది, అక్కది కాదు అని మూడో లైను. ఇంగ్లిష్‌లో రాసి, కింద తెలుగులోనూ రాశాను, ఆమె చదవాలని.

ల్యాప్‌టాప్ పట్టుకుని డాబా మీదికి పోయాను. ఆమె మిషన్ ఆపి, కళ్లజోడు పైకి జరుపుకుని నిదానంగా చదివింది. తన పేరు దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివింది. నేను ఏదో అంటుందని నిలబడ్డాను. తిడుతుందనీ అనుకున్నాను, ఏడుస్తుందనీ అనుకున్నాను.

"గిది రాయనీకి ఎంతసేపు పట్టింది తమ్మీ?" అంది.

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలు" అంది ఆమె.

ల్యాప్‌టాప్ నా చేతికిచ్చింది. బయట చప్పుడైతే కిటికీలోంచి చూసి, తర్వాత గోడ మీద గడియారం చూసి, కొలతల పుస్తకంలో కుడి పేజీ మీద ఏదో రాసుకుంది. పుస్తకం మూసి తన మిషన్ డ్రాయర్‌లో పెట్టుకుంది.